నలుపు బరువు, తెలుపు చోటు: ఒక బోల్డ్ స్లాబ్ సెరిఫ్ డిస్‌ప్లే ఫాంటు రూపకల్పనపై కేస్ స్టడీ

యంత్రాల చరిత్ర మీద ఒక మ్యూజియం ఏర్పాటు చేయదలచిన ప్రదర్శనకు ప్రత్యేకంగా ఒక ఫాంటు గీసే పని నాకు అప్పగించినప్పుడు, నిర్వాహకులు కోరినది స్పష్టంగానే ఉంది: ప్రదర్శన పేరు దూరం నుంచి చూసినా పోతపోసిన ఇనుములా నిలబడాలి, ప్రవేశద్వారం మీది పెద్ద అక్షరాల నుంచి వెబ్‌సైటు హెడ్డింగుల దాకా ఆ ఒక్క ఫాంటే పనికి రావాలి. లాటిన్ లిపి కేపిటల్, స్మాల్ అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు అన్నీ కలిపి అవసరమైన గ్లిఫ్‌లు, అంటే విడివిడి అక్షర రూపాలు, మూడు వందల లోపే. గడువు ఏడు నెలలు. బోల్డ్ స్లాబ్ సెరిఫ్ తప్ప మరొకటి ఈ పనికి ఒదగదని మొదటి సమావేశంలోనే నాకు అనిపించింది. అయితే అలా ఎందుకు అనిపించిందో ముందుగా తేల్చుకోకుండా గీయడం మొదలుపెడితే, తయారయ్యేది పాత పోస్టర్లకు నకలే గాని కొత్త ఫాంటు కాదు.

సెరిఫ్ అంటే అక్షరపు గీత కొసన ఉండే చిన్న అడ్డుగీత. పుస్తకాల్లో వాడే మామూలు టైపులో అది సన్నగా, కొసకు వెళ్లేకొద్దీ పలచబడుతూ ఉంటుంది. స్లాబ్ సెరిఫ్‌లో ఆ అడ్డుగీత నిలువు గీతకు దీటుగా మందమెక్కి, రెండు కొసలూ చదరంగా తెగి, ఇంటి కప్పుకు వేసే స్లాబులాగే ఒక పలకగా కూర్చుంటుంది. దీనికి బోల్డ్ బరువు తోడైతే అక్షరం నేల మీద పాదాలు ఊన్చి నిలబడ్డట్టు కనిపిస్తుంది. సెరిఫ్ లేని లావు అక్షరానికి కూడా బరువు ఉంటుంది గాని ఈ ఊనిక ఉండదు. మ్యూజియం వారు ఇనుము అన్నప్పుడు వారి మనసులో ఉన్నది ఈ ఊనికేనని నేను అర్థం చేసుకున్నాను.

ఈ రూపం పుట్టిన సందర్భంలోనే దాని గుణం దాగి ఉంది. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో గోడలకు అంటించే ప్రకటనలు పెరిగిపోయి, పుస్తకాల కోసం తయారైన టైపు వీధి అవసరాలకు చాలకుండా పోయింది. టైపు పోతపోసేవారు మొదట చేసిన పని నిలువు గీతలను విపరీతంగా లావెక్కించడం. ఫ్యాట్ ఫేస్ అని పేరుపడిన ఆ అక్షరాల్లో లావు గీతలు దూరానికి బాగానే కనిపించేవి. వెంట్రుకలా మిగిలిపోయిన సన్న గీతలు మాత్రం కనిపించేవి కావు, అందువల్ల దూరంగా ఉన్నవారికి పదం ముక్కలుముక్కలుగా విడిపోయేది. ఆ సన్న గీతలకు కూడా ఒళ్లు ఇస్తే వచ్చేదే స్లాబ్ సెరిఫ్. టైపు పోతపోసే విన్సెంట్ ఫిగ్గిన్స్ 1815 తేదీ ఉన్న తన నమూనా పుస్తకంలో ఆంటిక్ పేరుతో అలాంటి టైపును చూపాడు. రాబర్ట్ థోర్న్ చేయించిన టైపును అతని తరువాత ఆ ఫౌండ్రీని, అంటే టైపు పోతపోసే కార్ఖానాను, కొన్న విలియం థోరోగుడ్ 1821లో ఈజిప్షియన్ అన్న పేరుతో బయటికి తెచ్చాడు. నెపోలియన్ దండయాత్ర తరువాత యూరపులో ఈజిప్టు మీద పుట్టిన మోజే ఆ పేరుకు ఊతం. అక్షరాలకూ ఆ దేశానికీ సంబంధమేమీ లేదు. 1816లో కాస్లన్ ఫౌండ్రీ చూపిన, సెరిఫ్ అసలే లేని టైపుకు కూడా ఈజిప్షియన్ అనే పేరే పెట్టారు కనుక, పాత నమూనా పుస్తకాలు తిరగేసేవారు పేరును బట్టి కాక బొమ్మను బట్టి పోల్చుకోవడం మంచిది.

ఈ చరిత్రలో నా పనికి నేరుగా అక్కరకు వచ్చినవి మరో రెండు విషయాలు. మొదటిది చెక్క టైపు. పెద్ద సైజుల్లో లోహపు అక్షరాలు మోయలేనంత బరువు, ఖర్చు కూడా ఎక్కువ. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ గిరగిర తిరిగే బిట్టుతో కోసే రౌటర్ అనే యంత్రంతో చెక్క అక్షరాలను పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాక, పోస్టరు అంటే స్లాబ్ సెరిఫ్ అనే అలవాటు జనం కంట్లో స్థిరపడింది. రెండోది 1845లో రాబర్ట్ బెస్లీ ఇంగ్లండులో నమోదు చేయించిన క్లారెండన్. స్లాబ్ నిలువు గీతను కలిసే మూలలో ఒక వంపును పెట్టి ఆ మూలను మెత్తబరచిన టైపు అది. నిఘంటువుల్లో మామూలు టైపు మధ్య ఆరోపం, అంటే అర్థం చెప్పబోయే మాట, కొట్టొచ్చినట్టు కనబడేందుకు దాన్ని ఉద్దేశించారు. నమోదు వల్ల దొరికిన రక్షణ మూడేళ్లకే ముగిసింది, ఆ తరువాత మిగతా ఫౌండ్రీలన్నీ దాన్ని అనుకరించాయి.

మూలలో ఆ వంపు ఉండాలా వద్దా అన్నదే స్లాబ్ సెరిఫ్ గీసేవారు మొట్టమొదట తేల్చుకోవలసిన సంగతి. వంపును బాగా పెంచి, స్మాల్ ఏ, సీ, ఆర్ కొసలకు గుండ్రటి బొట్లు పెడితే ఫాంటు 19వ శతాబ్దానికి వెళ్లిపోతుంది. వంపు పూర్తిగా తీసేసి ఓ అక్షరాన్ని వృత్తానికి దగ్గరగా గీస్తే 1929 నాటి మెంఫిస్, 1934 నాటి రాక్‌వెల్ టైపులు వచ్చిన ప్రపంచం, అంటే కొలబద్దకు, వృత్తలేఖినికి విలువ పెరిగిన కాలం కళ్లకు కడుతుంది. 1930లో గియోర్గ్ ట్రంప్ గీసిన సిటీ అనే టైపులో లాగా గుండ్రని గీతలను కూడా చతురస్రానికి దగ్గర చేస్తే యంత్రపు భాగం గుర్తొస్తుంది. 1956లో పాల్ రాండ్ ఐబీఎం కోసం చేసిన లోగోకు ఆధారం ఆ సిటీయే. మూడే అక్షరాలున్న పేరుకు స్లాబ్ ఎంత బలమిస్తుందో ఆ గుర్తు చూపిస్తుంది: ఒంటరిగా నిలిస్తే పుల్లలా ఉండే కేపిటల్ ఐ అక్కడ పైన, కింద స్లాబులు కలిగి మిగతా రెండు అక్షరాల పక్కన సాటిగా నిలుస్తుంది.

మ్యూజియం వారు మొదట అడిగినది ఆవిరి యంత్రాల కాలపు పోస్టర్ల పోకడ. నేను అందుకు ఒప్పుకోలేదు. వారు చూపబోయే యంత్రాలు రెండు వందల ఏళ్ల పొడవునా వేర్వేరు కాలాలవి; వాటిలో ఒక కాలాన్ని మాత్రమే ఫాంటు పట్టుకుంటే మిగతావన్నీ దానిలో అద్దెకున్నట్టు అవుతాయి. బొట్లు వద్దనీ, వంపు చాలా చిన్నదిగా ఉంచుదామనీ, ఓ అక్షరాన్ని వృత్తంగా కాక నిలువుగా కొంచెం సాగిన గుండ్రంగా గీద్దామనీ ప్రతిపాదించాను. మూడు ముసాయిదాలను గోడ మీద నిజమైన సైజులో అంటించి, దూరంగా నిలబడి చూపించాక వారు అంగీకరించారు.

స్మాల్ ఏ అక్షరంతో గడిచిన నెల

ఫాంటు గీసేటప్పుడు ప్రతి అక్షరానికీ కొలతగా తీసుకునే వెయ్యి యూనిట్ల చదరంలో కేపిటల్ ఎత్తు 700, స్మాల్ అక్షరాల ఎక్స్-హైట్, అంటే స్మాల్ ఎక్స్ అక్షరపు ఎత్తు, 560 అని నిర్ణయించుకున్నాను. కేపిటల్ నిలువు గీత మందం 236, స్లాబ్ మందం 150. ఒకే మందం ఉన్న నిలువు గీతను, అడ్డుగీతను పక్కపక్కన పెడితే కంటికి అడ్డుగీతే లావుగా తోస్తుంది కనుక, రెండూ సమానమని చూసేవారు అనుకోవాలంటే స్లాబును కొంత తగ్గించి తీరాలి. ఇంత బరువైన ఫాంటులో ఆ తగ్గింపు ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే అడ్డంగా పరుచుకోవడానికి అక్షరానికి పక్కల చోటు ఉంటుంది గాని, ఎత్తు మాత్రం గిరిగీసినట్టు ఉంటుంది. బరువంతా ఆ ఎత్తు లోపలే ఇమడాలి.

ఈ ఇరుకు బయటపడేది స్మాల్ ఏ దగ్గర. అందులో అడ్డంగా వెళ్లే గీతలు మూడు: పై వంపు, కడుపు పై అంచు, కింది అంచు. మొదటి ముసాయిదాలో మూడింటికీ స్లాబుకు ఇచ్చిన 150 యూనిట్లనే ఇచ్చాను. 560లో 450 నలుపుకు పోగా మిగిలిన 110 యూనిట్లు రెండు ఖాళీలకు పంచితే ఒక్కొక్కటి 55 అయింది. తెర మీద పెద్దగా చూసినప్పుడు అక్షరం గంభీరంగానే ఉంది. 16 పిక్సెళ్ల సైజులో పెట్టి చూస్తే 55 యూనిట్ల సందు ఒక పిక్సెల్ కూడా రాదు. రెండు కళ్లూ మూసుకుపోయి అది అక్షరంలా కాక సిరా మరకలా కనిపించింది. 

అక్షరం లోపలి ఖాళీని మా పనిలో కౌంటర్ అంటాం. బోల్డ్ ఫాంటు గీయడమంటే నలుపును పెంచడమని చాలామంది అనుకుంటారు, మొదట్లో నేనూ అనుకున్నాను. నిజానికి నలుపు పెంచడం పది నిమిషాల పని. దానికి లొంగిపోకుండా కౌంటర్లను కాపాడటమే మిగతా నెలలన్నీ తినేస్తుంది. ఏ అక్షరంలో పై వంపును 112కు, కింది అంచును 112కు, కడుపు పై అంచును 84కు తగ్గించాను. గుండ్రని అక్షరాలు పొట్టిగా కనబడకుండా గీతను పైనా కిందా దాటించే 12 యూనిట్లను కూడా లెక్కలోకి తీసుకుంటే మొత్తం ఎత్తు 584. అందులో నలుపు 308 పోగా రెండు కౌంటర్లకు చెరి 138 దక్కాయి. 84 యూనిట్ల గీత 214 యూనిట్ల నిలువు గీత పక్కన ఉంటే తేలిపోతుందేమోనని భయపడ్డాను. తేలిపోలేదు. నిలువు గీత ఎంత లావుగా ఉందో కన్ను ఒకసారి గ్రహించాక, మిగతా గీతల బరువును దానితోనే అంచనా వేసుకుంటుంది. కౌంటర్ తెరుచుకుని ఉన్నంతవరకు అడ్డుగీత పలచనైన సంగతి పట్టించుకోదు.

ఇదే లెక్క స్మాల్ ఈ, జీ, ఎస్ అక్షరాలకూ, కేపిటల్ బీకీ, ఎనిమిది అంకెకూ వర్తించింది. కేపిటల్ ఈ మాత్రం వేరే రకం చిక్కు తెచ్చింది. దాని మూడు చేతులకూ కొసన నిలువు స్లాబులు ఉంటాయి. పై చేతి స్లాబు కిందికి, కింది చేతి స్లాబు పైకి, మధ్య చేతి స్లాబు రెండు వైపులా పొడుచుకొస్తాయి. లోపల చోటున్నా నోటి దగ్గర దారి మూసుకుపోతుంది. మధ్య చేయిని మిగతా రెండింటికన్నా 70 యూనిట్లు పొట్టిగా చేసి, దాని కొసన స్లాబును దాదాపు మొక్కుబడిగా ఉంచాక గాని ఆ అక్షరం ఊపిరి పీల్చుకోలేదు.

పలకలు ఢీకొనే చోటు

అక్షరాల మధ్య దూరం విషయంలో స్లాబ్ సెరిఫ్ తన సొంత నియమం పెడుతుంది. రెండు కేపిటల్ హెచ్‌లు పక్కపక్కన పడితే వాటి స్లాబుల మధ్య ఖాళీ 40 యూనిట్లే, కానీ నిలువు గీతల మధ్య ఖాళీ 190. పైనా కిందా స్లాబులు మూసినందువల్ల ఆ 190 యూనిట్ల చోటు ఒక కిటికీలా కనిపిస్తుంది. ఆ కిటికీ హెచ్ లోపలి కౌంటర్ల కన్నా పెద్దదైతే పదం విడిపోతుంది, మరీ చిన్నదైతే స్లాబులు అంటుకుని అక్షరాల వరుస అడ్డపట్టీగా మారుతుంది. మినిమమ్ అనే ఇంగ్లీషు మాటను స్మాల్ అక్షరాల్లో అచ్చు వేసి చూడటం మాకు పాత అలవాటు, ఎందుకంటే అందులో నిలువు గీతలు తప్ప మరేమీ ఉండవు. నా మొదటి ప్రూఫులో అది చదవదగిన మాటలా కాక కమ్మీల కంచెలా వచ్చింది.

దిద్దుబాటు అక్షరాల మధ్య కాక అక్షరాల లోపలే జరిగింది. ఎన్ అక్షరానికి బయటి వైపు స్లాబు 72 యూనిట్లు పొడుచుకు వస్తే లోపలి వైపు 38కి కుదించాను. ఎమ్ అక్షరపు మధ్య కాలికి రెండు వైపులా 30 మాత్రమే మిగిల్చాను. ఎవరూ దాన్ని గమనించరు. గమనించేది కేవలం కంచె పోయి మాట వచ్చిందన్న సంగతి. కెర్నింగ్, అంటే ఒక్కో అక్షరాల జంట మధ్య దూరాన్ని సర్దడం, విషయానికి వస్తే ఎల్ తరువాత టీ, ఏ తరువాత వీ లాంటి జంటలకు ఎంత శ్రద్ధ అవసరమో, ఆర్ తరువాత ఏ వచ్చినప్పుడు రెండు స్లాబులు నేల మీద ఒకదానికొకటి తగలకుండా చూడటానికీ అంతే శ్రద్ధ అవసరమైంది.

వరుసల మధ్య దూరం గురించి ఒక మాట. బోల్డ్ హెడ్డింగులను దగ్గరదగ్గరగా పేర్చడం ఇప్పటి అలవాటు, సెరిఫ్ లేని ఫాంటుకు అది నప్పుతుంది. స్లాబులు మాత్రం ప్రతి వరుసకు కింద ఒకటి, పైన ఒకటి చొప్పున గట్లు కడతాయి. రెండు వరుసలు మరీ దగ్గరైతే ఆ గట్లు కలిసి చారలుగా కనిపిస్తాయి. మా ఫాంటుకు 60 పాయింట్ల అక్షరానికి 63 పాయింట్ల వరుస దూరం కనీసంగా నిర్ణయించి వాడుక పత్రంలో రాశాను.

రౌటర్ నేర్పిన వంపు

ప్రవేశద్వారం అక్షరాలను పలకల్లోంచి సీఎన్‌సీ రౌటర్‌తో, అంటే కంప్యూటర్ నడిపే రౌటర్‌తో, కోశారు. రౌటర్ బిట్టు గుండ్రంగా తిరుగుతుంది కనుక బయటి మూలలను అది పదునుగా కోయగలదు, లోపలి మూలల్లో మాత్రం దాని వ్యాసార్ధం అంత గుండ్రం మిగిలిపోతుంది. చెక్క టైపు రోజుల్లో కూడా ఇదే ఇబ్బంది. అప్పుడు పనివారు చాకుతో ఆ మూలలను ఒక్కొక్కటిగా చెక్కేవారు. మేము వాడిన బిట్టు వ్యాసం 6 మిల్లీమీటర్లు. ద్వారం మీది అక్షరాల ఎత్తు 600 మిల్లీమీటర్లు, అంటే ఒక యూనిట్ 0.86 మిల్లీమీటర్లు, 3 మిల్లీమీటర్ల గుండ్రం నాలుగు యూనిట్లకు మించదు, ఎవరికీ కనపడదు. అదే బిట్టుతో గదుల పేర్లను 60 మిల్లీమీటర్ల ఎత్తులో కోసినప్పుడు ఆ గుండ్రం 35 యూనిట్లయింది. బయట పదునుగా, లోపల మొద్దుగా ఉన్న ఆ అక్షరాలు పొరపాటున అలా వచ్చినట్టు కనిపించాయి.

అప్పటిదాకా నా ముసాయిదాలో స్లాబు మూల వంపు 14 యూనిట్లు. అందంగానే ఉందని వదిలేసినది. దాన్ని 36కు పెంచితే యంత్రం చేసే గుండ్రమూ నేను గీసిన వంపూ ఒకటే అవుతాయని ఆ నమూనా పలక చేతిలో పట్టుకున్నప్పుడు తట్టింది. ఆ మార్పు తరువాత పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ ఒకే కుటుంబంలా వచ్చాయి, కోతలోనూ అచ్చులోనూ తెర మీదా మూల ఒకేలా కనబడింది. ఫాంటు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన నిర్ణయం ఇదే, ఎందుకంటే దాని కొలత నా అభిరుచి నుంచి కాక పనిముట్టు నుంచి వచ్చింది.

వెనుక నుంచి దీపం వెలిగే అక్షరాలకు వేరే సర్దుబాటు కావలసి వచ్చింది. చీకటి మీద వెలుతురు అక్షరం ఉన్నదానికన్నా లావుగా కనబడి కౌంటర్ల లోకి పొంగుతుంది. అక్షరాల వెడల్పు మారకుండా నిలువు గీతలను 10 యూనిట్లు తగ్గించిన ఒక గ్రేడ్‌ను వేరుగా తయారుచేశాను; అచ్చులో నలుపు మీద తెలుపుగా విడిచే అక్షరాలకు దాన్ని వాడకూడదని కూడా పత్రంలో రాయవలసి వచ్చింది, ఎందుకంటే అక్కడ చుట్టూ ఉన్న సిరా తెల్ల గీత లోకి పాకి దాన్ని సన్నబరుస్తుంది.

వాడుకలో తేలినవి

ఊహించనంత బాగా పనిచేసినవి అంకెలు. గదుల నంబర్లు, తేదీలు, టికెట్ల మీది వరుస సంఖ్యలు అన్నీ ఒకే వెడల్పు అంకెలతో కూర్చాం. సమాన వెడల్పులో ఒకటి అంకె ఎప్పుడూ వెలితిగా కనబడుతుంది; స్లాబ్ ఫాంటులో దాని పాదం కింది పలకే ఆ వెలితిని నింపుతుంది. టైప్‌రైటర్ అక్షరాల్లో స్మాల్ ఐ, ఎల్‌కు పెద్ద స్లాబులు ఉండటానికి కారణం కూడా అదే. పోస్టరు మీద 1, 4, 7 వేసిన మూడు గది నంబర్లు పేరు లేకుండానే ప్రదర్శనకు గుర్తుగా మారాయి.

దెబ్బతిన్నది వివరణల పలకల దగ్గర. ఫాంటు అప్పగించిన కొన్ని వారాలకు, యంత్రాల పక్కన పెట్టే నాలుగైదు వాక్యాల వివరణలను కూడా వారి సిబ్బంది ఇదే ఫాంటులో, 14 పాయింట్లలో కూర్చి అచ్చు వేయించారు. తప్పు వారిది మాత్రమే అనలేను. నా వాడుక పత్రంలో ఏ సైజు కన్నా కింద వాడకూడదో రాయలేదు. డిస్‌ప్లే ఫాంటు మూడు, నాలుగు మాటలను ఒక్క చూపులో పట్టించడానికి గీసినది. వాక్యం మీద వాక్యం చదివేటప్పుడు కన్ను వెతికేది ఆరోహణ, అవరోహణల (పైకి లేచే, కిందికి దిగే గీతల) తేడా, అక్షరాల మధ్య గాలి. ఈ బరువులో ఆ రెండూ లేవు. పేరాలో అన్నీ గట్టిగా మాట్లాడే అక్షరాలే అయినప్పుడు ఏ మాట ముఖ్యమో చెప్పే దారి కూడా పోతుంది. ఎక్స్-హైట్ దగ్గరగా ఉన్న నిదానమైన పుస్తక టైపును వివరణలకు ఎంపిక చేసి ఇచ్చాను. 28 పాయింట్ల కింద, రెండు వరుసలకు మించి ఈ ఫాంటు వాడవద్దని పత్రంలో చేర్చాను.

ఇంకొక చోట, నిలువుగా వేలాడే సన్నటి బ్యానర్లలో పేరు పట్టక, లే-అవుట్ చేసినవారు అక్షరాలను 60 శాతం వెడల్పుకు నొక్కేశారు. ఆ బ్యానరు ఎదుట నిలబడితే ఏదో తలకిందులైనట్టు అనిపించింది, లెక్క వేస్తే కారణం తెలిసింది: నొక్కితే తగ్గేది అడ్డం కొలతే కనుక 236 యూనిట్ల నిలువు గీత 142కు పడిపోయింది, 150 యూనిట్ల స్లాబు అలాగే ఉంది. అక్షరపు బరువు నిలువు నుంచి అడ్డానికి మారిపోయింది. 19వ శతాబ్దపు పోస్టర్లలో కావాలనే అలా బరువు తిరగేసిన టైపులు ఉన్నాయి, సంత, సర్కస్ లాంటి వాతావరణం వాటి సొత్తు. ఇనుప యంత్రాల ప్రదర్శనకు అది నప్పదు. బ్యానరు అవసరం మాత్రం నిజమైనదే. నిలువు గీత 178, స్లాబు 140 ఉండేలా, కౌంటర్లను విడిగా తూచి, ఇరుకు వెడల్పును మళ్లీ మొదటి నుంచి గీశాను. దానికి ఆరు వారాలు పట్టింది.

ఇప్పుడు రెండో వెర్షన్ మీద పని చేస్తున్నాను. దీపపు అక్షరాల గ్రేడ్‌లో కామా తోక వెలుతురులో కలిసిపోతోందని ద్వారం దగ్గర తీసిన ఫొటోల్లో కనిపించినందువల్ల దాన్ని 20 యూనిట్లు కిందికి సాగదీశాను. ఇరుకు వెడల్పులో ఎనిమిది అంకె పై కౌంటర్ 96 యూనిట్ల దగ్గర ఆగిపోయింది. నడుము గీతను 70 వరకు తగ్గించినా అది చాలడం లేదు, అందుకే పై గుండ్రాన్ని కొంచెం చతురస్రం వైపు జరిపి కొత్త ప్రూఫులు తీస్తున్నాను.